కండ్లు తెరవని కారు

నా జన్మలో ఇంత చెడ్డ బేరం ఇంకొకటి చేయలేదు. చింతపండు మొదలుకొని కూతురి పెళ్లి పందిరి దాకా, చెప్పిన ధరకు ఏదీ కొన్న పాపాన పోనివాణ్ని. కంటి ఆపరేషనుకు పోయి, ‘రెండు కండ్లూ ఒకేసారి చేయించుకుంటే ఎంతలో వస్తాది’ అని అడిగి, డాక్టరమ్మను నవ్వించి, ఎంతో కొంత తగ్గించుకొనే బయటికి వచ్చాను. అలాంటివాణ్ని పోయిన నెల ఆళ్లగడ్డకు పోయి ఒక కారు కొన్నాను. నల్లరాతి కారు. చక్రాలు తిరగవు, తలుపులు రావు, ముందర ఉండాల్సిన దీపాలు రెండూ ఉత్త బుడిపెలు. పొడవు జానెడుకు కొంచెం పైన. చెప్పిన ధర చెప్పినట్టే, కిక్కురుమనకుండా, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టి వచ్చాను. మా ఇంటావిడ దాన్ని ఒకసారి ఎత్తి చూసి, బరువుకు వెంటనే దించేసి, ‘దీంతో పచ్చడన్నా నూరుకోవచ్చునా’ అని అడిగింది. నూరుకోవచ్చు. కానీ ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. టీవీ పక్కన గుడ్డ పరిచి పెట్టుకున్నాను. దాన్ని చెక్కిన బ్రహ్మయ్య పోయి అప్పటికి పదిహేను రోజులు కూడా కాలేదు.

మా నాయన అంగడి నంద్యాల బజారులో ఉండేది. అంగడి ముందు భాగం, ఇల్లు వెనుక భాగం. మధ్యలో ఒక గోనె పరదా. పరదాకు అటువైపు బెల్లం, ఇంగువ, కిరసనాయిలు కలిసిన వాసన. ఇటువైపు మా అమ్మ పొయ్యి మీద కాగే చారు వాసన. పరదా గాలికి కదిలినప్పుడల్లా రెండూ కలిసిపోయి, గిరాకీలు బెల్లం కొనడానికి వచ్చి ‘ఈ పొద్దు చారాప్పా’ అని అడిగేవాళ్లు. నాకు అక్షరాలకన్నా ముందు అబ్బిన విద్య బేరం. మా నాయన దాన్ని ఒకే మాటలో నేర్పాడు. “ధర చెప్పేటప్పుడు మనిసి మొగం సూడాకురా. మొగం అబద్ధం చెప్తాది. కాళ్లు సూడు. కాళ్లు గడప తట్టు తిరిగినాయా, తగ్గించు. తిరగలేదా, నోరు మూసుకోని కూచో.” నేను అట్లా ఎన్ని వేల జతల కాళ్లు చూశానో. ఇప్పటికీ కొందరి పేర్లు గుర్తుండవు గానీ వాళ్ల మడమల పగుళ్లు గుర్తుంటాయి.

ఎండాకాలం సెలవులు ఇస్తే నన్ను ఆళ్లగడ్డకు తోలేవాళ్లు. అక్కడ మా అవ్వ, అంటే మా అమ్మ తల్లి, మా మామ ఉండేవాళ్లు. మామకు పెళ్లి లేదు, పిల్లలు లేరు, పెద్ద రోడ్డు మీద ఒక చిన్న అంగడి మాత్రం ఉంది. మధ్యాహ్నం భోంచేశాక ఆయనకు నిద్ర పట్టకపోతే సాయంత్రం తక్కెడ చేయి వణికేది. అందుకని ఆ నిద్రవేళ అంగడికి కాపలా నేను. మామ బేరం మా నాయన బేరం లాంటిది కాదు. గిరాకీ లేచిపోతున్నా పిలిచేవాడు కాదు. ఎందుకు పిలవలేదని నేను గింజుకుంటే, పడుకునే చాప దులుపుకుంటూ అనేవాడు: “తెగిన బేరం ఇంటికి పోతాదిరా. తెగని బేరం మళ్లా వస్తాది.” వయసులో ఉన్న వాళ్లకు అది బద్ధకస్తుల మాట లాగా వినిపిస్తుంది. నాకూ అట్లాగే వినిపించింది.

అంగడికి ఎదురుగా ఆచారి కొట్టం. కొట్టం అంటే నాలుగు గుంజలు, బోదగడ్డి కప్పు, కింద దేవుళ్లు. కొందరు నడుము దాకా, కొందరు మెడ దాకా, కొందరు ఇంకా బండలోనే. తెల్లారిన దగ్గర నుంచి ఉలి చప్పుడు. మా అవ్వ మజ్జిగ కుండకు తడిగుడ్డ కట్టి, బెల్లం గంపకు ఇంకో గుడ్డ కప్పి, ఆ రాతి పొడిని తిడుతూనే ఉండేది గానీ ఆ చప్పుడు మాత్రం ఆమెకు గడియారం. పొయ్యి దగ్గర కూర్చొని జొన్న రొట్టె తట్టుతూ, తల ఎత్తకుండానే, “ఈ పొద్దు ముక్కు కాడికొచ్చినాడు ఆచారి” అనేది. నేను పరుగెత్తి చూసి వస్తే నిజంగానే ముక్కు. ముక్కు దగ్గర సుత్తె మెల్లగా పడుతుందట. రొట్టె మీద ఆమె చేయి కూడా అప్పుడు మెల్లగానే పడేది. ఆమెకు తెలియదు, నేను గమనించాను.

ఆ ఆచారి కొడుకే బ్రహ్మయ్య. నాకన్నా ఒక ఏడాది పెద్ద. బడి మానేసి ఉలి పట్టాడు. పొడి పడి పడి కనుబొమలు ఎప్పుడూ తెల్లగా ఉండేవి. నేను పన్నెండేళ్లకే మాటలు అమ్ముకునే రకం, వాడు పది మాటలకు ఒక మాట ఇచ్చే రకం. మామ నిద్రపోగానే నేను అంగడిలో నుంచి బొరుగులు, చెనిక్కాయ విత్తనాలు గుప్పెడు తీసుకొని రోడ్డు దాటేవాణ్ని. ఒక కన్ను అంగడి మీద, ఒక కన్ను వాడి ఉలి మీద. నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. నేను వాడికి మొదటి రోజు నుంచి సెట్టిని.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అంతకు ముందు ఎద్దుల బండ్లు, రెండు మూడు బస్సులు తప్ప ఎరగని ఆ రోడ్డు మీద మద్రాసు నుంచి కర్నూలుకు దుమ్ము లేపుకుంటూ కార్లు పోయేవి. నల్లవి, బొద్దుగా, లోపల ఫైళ్లు, ఫైళ్ల మధ్య మనుషులు. వాటిని మేము పట్టించుకోవడం మానేశాము. అట్లాంటిది ఒకనాడు నడి మధ్యాహ్నం ఒక ఎర్ర కారు వచ్చి సరిగ్గా మా మామ అంగడి ముందర ఆగింది. టాపు లేదు. రెండే సీట్లు. నేల మీద పాకుతున్నట్టు అంత కిందికి ఉంది. ముక్కు ఇంత పొడవు, వెనుక భాగం ఏమీ లేదు. దాన్ని స్పోర్ట్స్ కారు అంటారని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ రోజు మాత్రం, పైకప్పు కొనలేక సగంలో ఆపేశారేమో పాపం అనుకున్నాను. నల్లద్దాల యువకుడు ఒకడు దిగి, కిందికి వంగి చూసి, తల పట్టుకున్నాడు. పెట్రోలు టాంకి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

మామ లేచి వచ్చాడు. నీడకు ఆగి ఉన్న లారీ డ్రైవరు ఒకడు, “సబ్బు రుద్దితే నిలబడతాది సామీ, కర్నూలు దాకా పోవచ్చు” అన్నాడు. మామ లోపలికి చూసి నాకు సైగ చేశాడు. నేను బట్టల సబ్బు కడ్డీ తీసి, ధర రెండింతలు చేసి, మా నాయన చెప్పినట్టు కాళ్ల వైపు చూస్తూ చెప్పాను. నిగనిగలాడే బూట్లు. అవి ఎటూ తిరగలేదు. ఆ మనిషి ఎంతని కూడా రెండోసారి అడగకుండా ఇచ్చేశాడు. నాకు అతని మీద జాలి కలిగింది. అంత కారు ఉండి, ఇంత కూడా చేతకాదే అనుకున్నాను.

ఈలోగా బ్రహ్మయ్య రోడ్డు దాటి వచ్చాడు. చేతిలో ఒక దారం. కారు ముందర గొంతుక్కూర్చొని, ముక్కు పైఅంచు నుంచి కింది అంచు దాకా దారం పట్టి ముడి వేశాడు. తరువాత ఆ ముడినే పట్టుకొని పక్కన కొలవడం మొదలుపెట్టాడు.

“ఏం తంబీ,” అన్నాడు ఆ యువకుడు సబ్బు రుద్దుతూనే, “దీనికి చొక్కా కుట్టిస్తావా?”

“ల్యా సామీ. మొగం ఎంతుందో సూస్తాండా.”

“కారుకు మొహమా?”

“మొగం ల్యాకుండా ఏదన్నా ఉంటాదా సామీ?”

వాళ్ల ఇంట్లో కొలబద్ద అంటే ముఖమే. నుదురు నుంచి గడ్డం దాకా ఒక ముఖం. దేవుడి ఎత్తు ఇన్ని ముఖాలు, చేయి ఇన్ని ముఖాలు, అని లెక్క. అంగుళాలు వాళ్లకు పట్టవు. వాడు ఆ కారును కూడా అట్లాగే కొలిచాడు. దారం నిండా ముడులు అయ్యాయి. కారు పోయింది. పెట్రోలు, సబ్బు కలిసిన ఒక వాసన మాత్రం అంగడి ముందు కాసేపు నిలబడింది. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా బట్టల సబ్బు కట్ట విప్పితే నా ముక్కు మిగతా సగం కోసం వెతుక్కుంటుంది.

ఆ ఎండాకాలమంతా వాడు దాన్ని చెక్కాడు. రాయి కొన్నది కాదు. ఏదో ఊరి గుడికి చేస్తున్న నంది మూపు దగ్గర పొరలో ఎగిరిపోయిన ముక్క. వాళ్ల నాయన పడుకున్న వేళలో వాడి పని, మా మామ పడుకున్న వేళలో నా కాపలా. ఒకనాడు ఆచారి తొందరగా లేచాడు. మేము చూసుకోలేదు. వెనుక నిలబడి, “ఏందిది?” అన్నాడు.

“కారు నాయనా.”

“కారని కనపడతానే ఉండాది. మొగం ఎంత పెట్టినావ్?”

“మూడు వేళ్లు.”

“పొడుగు?”

“అయిదు మొగాలు.”

ఆచారి కూర్చున్నాడు. నేను పారిపోవడానికి నా కాళ్లు గడప వైపు తిప్పుకున్నాను. ఆయన బొటనవేలితో కారు వీపు నిమిరి, “ఎనక చక్రం ఇంగా లోతు తియ్యి. బరువంతా ఆడ పడతాది. మనిసికి నడుమెట్లో దీనికి అదట్ల,” అన్నాడు. లేవబోతూ దీపాల దగ్గర వేలు ఆపాడు. “కండ్లు?”

“తెరవలే నాయనా.”

“ఎవురికిది?”

“ఇంగా ఎవురికీ కాదు.”

“అయితే తెరవాకు.”

ఆ ఇంటి రివాజు నాకు తెలుసు. విగ్రహానికి అన్నీ అయ్యాక కండ్లు చివర. తీసుకుపోయే వాళ్లు వచ్చి, ఇచ్చేది ఇచ్చాక, చెక్కిన చేయే తెరవాలి. తెరవక ముందు అది రాయి. ఎవరైనా ధర అడగొచ్చు, తగ్గించమనొచ్చు, వద్దని పోవచ్చు. తెరిచాక దానికి వెల కట్టే నోరు ఎవరికీ లేదు. మద్రాసు నుంచి వచ్చిన రెండు సీట్ల కారుకు కూడా అదే రివాజు పెట్టాడు నా మిత్రుడు. ఎంత బతిమాలినా దీపాలు చెక్కలేదు. “కొన్నాంక తెరుస్తా” అన్నాడు. దానితో నాకు కొనాలన్న పురుగు కుట్టింది.

“ఎంతరా?” అన్నాను.

“పన్నెండు రూపాయలు.”

“పన్నెండా? తిరగని కారుకా? మూడిస్తా.”

“తిరక్కపోతే?”

“కారంటే తిరగాల గదరా.”

“మీ నంద్యాల సుట్టూ తొమ్మిది నందులుండాయి గదా సెట్టీ. ఒగటన్నా గడ్డి తింటాండాదా?”

కాళ్ల కోసం చూశాను. అక్కడే దెబ్బతిన్నాను. శిల్పి మఠం వేసుకొని కూర్చుంటాడు. కాళ్లు రెండూ ఒడి కింద ఉంటాయి. చూడటానికి ఏమీ లేదు. మా నాయన విద్య మొత్తం ఆ కొట్టంలో పనికిరాలేదు. ఇక రెండో ఎత్తు వేశాను. లేచి, నిక్కరు దులుపుకొని, వెనక్కి చూడకుండా నడిచాను. ఎవరైనా పిలుస్తారు. పిలవలేదు. రోడ్డు దాటాను. పిలవలేదు. మా అవ్వ అంగడి అరుగు మీద నుంచి ఇదంతా చూసి, “పో, మళ్లా పో. బస్టాండు దాకా పోయినా వాడు పిలవడు” అంది. నేను తిరిగి వచ్చి కూర్చునేసరికి వాడు ఇంకో ఉలికి పదును పెట్టుకుంటూ, “మూడు మింద ఎంతన్నావ్?” అన్నాడు. అంతే మొదలైంది.

ఒక ఎండాకాలం నాలుగు. తరువాతి ఎండాకాలం అయిదు. మధ్యలో అణాలు పోయి కొత్త పైసలు వచ్చాయి. జనమంతా లెక్క తెలియక కొట్లాడుకుంటుంటే నేను ఆ గందరగోళంలో అర్ధరూపాయి కలిపి ఎక్కువ చెప్పినట్టు చెప్పి, నిజానికి తగ్గించి చూశాను. వాడు చాలాసేపు ఆలోచించి, “యాడనో మోసముండాది, యాడనో తెలీదు. పన్నెండే” అన్నాడు.

ఒకసారి వాళ్ల నాయన గడివేముల దగ్గర ఏదో ఊరికి విగ్రహం అప్పజెప్పడానికి బండి మీద పోతూ, బ్రహ్మయ్యను మా ఇంట్లో దింపాడు. వాడు సంకలో తడి గోనెపట్టా మూట పెట్టుకొని మా అంగడి ఎక్కాడు. మా నాయన కారును చూశాడు, చేతిలోకి తీసుకున్నాడు, ఆయనకు తెలిసిన పని చేశాడు: తక్కెడలో పెట్టి తూచాడు. రెండు వీశెల పైన తూగింది. మా అమ్మ పరదా తీసి నవ్వి, వాడికి అన్నంలోకి రోట్లో నూరిన ఊరిబిండి వేసుకొచ్చింది. వాడు అంగడిలోనే, ధనియాల బస్తాకు ఆనుకొని తిన్నాడు.

“ఎంత చెప్పినావురా మావానికి?” అన్నాడు నాయన.

“పన్నెండు మామా.”

“వాడు యాడుండాడు?”

“ఆరు కాడ.”

నాయన గల్లాపెట్టె తెరిచాడు. “పన్నెండు నేనిస్తా. అంగడి ముందర పెట్టుకుంటా. సూసేకి జనమొస్తారు.” నోట్లు తీసి తక్కెడ పళ్లెంలో, కారు పక్కనే పెట్టాడు. సొంత తండ్రి నా బేరం మీద పడతాడని కలలో కూడా అనుకోలేదు. అడ్డం చెప్పే హక్కు లేదు. ఆరు దగ్గర నిలబడిన వాడికి ఏం హక్కు ఉంటుంది?

బ్రహ్మయ్య వేళ్లు నాకి, గోనెపట్టా అందుకున్నాడు. “మీకు కాదు మామా. సెట్టితో నడస్తాండాది. నడిచే బేరంలో ఇంగొకరు రాగూడదు గదా. మీ అంగట్లో రాగూడదంటారు, మా కొట్టంలో వస్తారా?”

నాయన డబ్బు మళ్లీ పెట్టెలో వేసి, “ఈడు మనింట్లో పుట్టాల్సినోడు” అన్నాడు. నాకు అది తిట్టు.

నాకు పద్దెనిమిది నిండేసరికి మామకు చూపు తగ్గింది. ఆళ్లగడ్డ అంగడి ఎత్తేసి, ఆయననూ అవ్వనూ నంద్యాలకు తెచ్చుకోవాలని నిశ్చయమైంది. నన్ను నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టారు. ఇక ఎండాకాలం సెలవులు లేవు, ఆళ్లగడ్డలో దిగడానికి గడప లేదు. సామాను బండికి ఎక్కించే రోజు నేను రోడ్డు దాటి కొట్టంలోకి పోయాను. ఆ అయిదారేళ్లలో పోగుచేసుకున్నది జేబులో ఉంది. పన్నెండు రూపాయలు తీసి వాడి ఉలుల పక్కన పెట్టాను. నా జీవితంలో ఒకరి ధరకు దిగిపోవడం అదే మొదలు. ఇయ్యి, కండ్లు తెరువు, తీసుకొని పోతా అన్నాను.

వాడు డబ్బును చూడలేదు. ఎదురుగా బండి మీద మా అవ్వ మజ్జిగ కుండను ఒడిలో పెట్టుకొని కూర్చుంది, ఆమెను చూశాడు. “ఇరవై అయిదు” అన్నాడు.

“ఏందిరా? ఇన్నేళ్లు పన్నెండన్నావు గదరా.”

“పెరిగింది.”

“మాట మీద నిలబడవా నువ్వు?”

“నిలబడేకి నాకు కాళ్లు యాడుండాయి, నువ్వే అంటాంటివి గదా.” సుత్తె ఎత్తాడు. ఆ పూట వాడు చెక్కుతున్నది ఒక సింహం మెడ. అక్కడ మెల్లగా కొట్టాల్సిన పని లేదు, అయినా మెల్లగా కొట్టాడు. “మీ మామ ఏమంటాడు సెట్టీ? తెగిన బేరం యాడికి పోతాది?”

నేను పన్నెండు రూపాయలూ ఏరుకొని, కోపంతో వచ్చేశాను. బండి మలుపు తిరిగేదాకా కోపంగానే ఉన్నాను. ఆ తరువాత ఏడ్చాను. అవ్వ చూసి, రాతి పొడి పడిందా అని అడిగింది.

పోకుండా ఎట్లా ఉంటాను? చెనిక్కాయలు కొనాలని, బాకీలు వసూలని, ఏదో ఒక సాకు. పద్దెనిమిది అనేవాణ్ని, వాడు ముప్పై అనేవాడు. నాకు పెళ్లైన ఏడు ముప్పై అయిదుకు పెంచి, కట్నం వచ్చింది గదా అన్నాడు. వాడి కొడుకు పుట్టిన ఏడు నేను సగం అడిగాను, చేతులు పెరిగినాయి గదా, పని తేలికైతాది అని. మా పిల్లలు ఈ మాటలు విని, మాకేదో పాత తగాదా ఉందనుకున్నారు. కడపటి ఏళ్లలో మోకాళ్లు మొరాయించి, ఫోనులోనే అడిగేవాణ్ని. వాడికి ఫోను నచ్చదు. “కాళ్లు కనపడని బేరం ఏం బేరం సెట్టీ” అనేవాడు. అప్పుడు వాడు ఎనిమిది వందల దగ్గర, నేను ఏడు వందల యాభై దగ్గర ఉన్నాము. అంత దగ్గరికి రావడం ఇద్దరికీ భయంగా ఉండేది.

పోయిన నెల బ్రహ్మయ్య పెద్దకర్మకు పోయాను. కొట్టం ఇప్పుడు రేకుల షెడ్డు. రాతిని కోసేది చక్రం. ఆ రొదలో ముక్కేదో నడుమేదో చెప్పగలిగేవాళ్లు లేరు. మా మామ అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం. ప్రతి వస్తువు మీద ధర అచ్చువేసి అంటించారు. ఎవరూ కూర్చోరు, ఎవరూ లేచిపోరు. నంద్యాలలో నా మనవడు నడిపే అంగడీ అంతే. తప్పు పట్టను. జనానికి పనులుంటాయి. కానీ ఒక గిరాకీ పేరు వాడికి తెలియదు, మడమలు అసలే తెలియవు.

బ్రహ్మయ్య కొడుకు కారును గుడ్డతో తుడిచి తెచ్చి నా ముందర పెట్టాడు. నేను వాడి ముఖం చూడలేక, కిందికి చూశాను. వాడు నిలబడే ఉన్నాడు; కాళ్లు కనబడుతున్నాయి.

“ఊరికే తీసుకోమందామనే ఉండాది మామా,” అన్నాడు. “కానీ నాయన ఒగ మాట చెప్పి పోయినాడు. సెట్టి వస్తాడు, వెయ్యి చెప్పు, తగ్గాకు అన్నాడు. ఒగేసారి ఇయ్యాకు, మళ్లా వచ్చేట్టు సెయ్యి అన్నాడు.”

నేను జేబులో చేయి పెట్టి వెయ్యి రూపాయలు తీసి ఇచ్చాను. వాడు నివ్వెరపోయాడు. వాడికి ఎదురు ఏం చెప్పాలో వాళ్ల నాయన నేర్పి ఉండడు. నేను ఒప్పుకుంటానని అనుకొని ఉండడు. ‘మళ్లా’ అనేది నా దగ్గర ఎంత మిగిలిందో వాడికి తెలిస్తే గదా.

“కండ్లు తెరిచి ఇయ్యనా మామా? మిషను పెడితే రెండు నిమిసాలు.”

“వద్దు నాయనా,” అన్నాను. “చెక్కిన చేయే తెరవాల గదా.”

ఇప్పుడు లెక్క. రాయి, నందిది, ఊరికే వచ్చింది. పని, ఒక ఎండాకాలం. నేను మొదట అడిగింది మూడు, ఇచ్చింది వెయ్యి. నష్టం తొమ్మిది వందల తొంభై ఏడు. ఆ మూడుకే తెగి ఉంటే ఆ ఎండాకాలంతోనే ఆళ్లగడ్డ అయిపోయేది, కాబట్టి ఆ నష్టాన్ని లాభం కింద రాసుకుంటున్నాను. కండ్లు తెరవలేదు కాబట్టి వాళ్లింటి రివాజు ప్రకారం సరుకు ఇంకా నాది కాలేదని, ఇచ్చిన వెయ్యి బయానా మాత్రమేనని కూడా రాసుకోబోయాను. రాసి కొట్టేశాను. అది అంగడివాడి తెలివి. నిజం లెక్క ఇది: డబ్బు పూర్తిగా ఇచ్చాను, సరుకు ఇంటికి తెచ్చుకున్నాను. బేరం తెగింది.